ఒకే అప్పుకు రెండు పౌండ్ల లెక్కలు: పాత మారకపు రేట్లలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నేను ఆర్థిక చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా బ్రిటన్‌కు ఇచ్చిన అప్పు గురించి సెమినార్ పత్రం రాస్తున్నాను. ఆ అప్పు 375 కోట్ల డాలర్లని నేను చూసిన పుస్తకాలన్నీ చెబుతున్నాయి గానీ, పౌండ్లలో ఒకచోట 93 కోట్లనీ మరొకచోట 134 కోట్లనీ ఉంది. 1949లో పౌండు విలువ ఒక పట్టికలో 4.03 డాలర్లు, ఇంకొక పట్టికలో 2.80, మూడో పట్టికలో 3.68. పంతొమ్మిదో శతాబ్దపు పట్టికలో 109½ అని ఉంది. అది ఎన్ని డాలర్లో నాకు అర్థం కాలేదు. వీటిలో దేన్ని నమ్మాలి? ఒకప్పుడు దాదాపు 5 డాలర్లు పలికిన పౌండు ఇప్పుడు డాలరున్నర కూడా పలకడం లేదు కాబట్టి, బ్రిటన్ నాలుగో వంతుకు పడిపోయిందని రాయవచ్చా? ఇదే పట్టికతో అప్పటి రూపాయి విలువ తెలుసుకోవచ్చా? ఆ అప్పు నేటి విలువ చెప్పాలంటే నేటి రేటుతో లెక్కిస్తే సరిపోతుందా?

సమాధానం: మీరు చూసిన 93 కోట్లు, 134 కోట్లు రెండూ సరైన లెక్కలే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 1945 డిసెంబరు 6న ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడూ, 1946 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం పూర్తయినప్పుడూ, ఆ తరువాత బ్రిటన్ ఆ డాలర్లను తీసుకుని ఖర్చు చేసినప్పుడూ అధికారిక రేటు పౌండుకు 4.03 డాలర్లే. 375 కోట్లను 4.03తో భాగిస్తే 93 కోట్ల పౌండ్లకు కాస్త పైన వస్తుంది. బ్రిటన్ చేతికి ఎంత అందిందన్నది మీ ప్రశ్న అయితే ఈ అంకె వాడాలి. 1949 సెప్టెంబరు 18న పౌండు విలువను 2.80 డాలర్లకు తగ్గించారు. అప్పటికి తిరుగు చెల్లింపులు మొదలే కాలేదు. మొదటి వాయిదా 1951 డిసెంబరులో కట్టవలసి ఉంది. అప్పు డాలర్లలో రాసుకున్నది కనుక డాలర్లలో దాని మొత్తం మారలేదు, పౌండ్లలో మాత్రం ఒక్క రోజులో 134 కోట్లకు చేరింది. కొత్తగా ఒక్క డాలరు కూడా తీసుకోకుండానే బ్రిటిష్ ఖజానా మీద దాదాపు 41 కోట్ల పౌండ్ల భారం పెరిగింది. బ్రిటన్ తీర్చవలసి వచ్చింది ఎంతన్నది మీ ప్రశ్న అయితే 134 కోట్లతో మొదలుపెట్టాలి. మీ పత్రంలో రెండు అంకెలనూ ఇవ్వండి, ఒక్కొక్కదాని పక్కన అది ఏ తేదీ రేటుతో కట్టిన లెక్కో రాయండి. వాటిలో ఒకదాన్ని తప్పని కొట్టివేస్తే, ఆ అప్పు కథలో అతి ముఖ్యమైన మలుపు మీ పాఠకుడికి కనిపించకుండా పోతుంది.

ఇక 1949 సంగతి. సర్ స్టాఫర్డ్ క్రిప్స్ అప్పుడు బ్రిటన్ ఆర్థికమంత్రి. ఆదివారం నాడు విలువ తగ్గింపు ప్రకటించారు. ఆ ఏడాది జనవరి 1 నుంచి సెప్టెంబరు 18 వరకు 261 రోజులు 4.03, మిగిలిన 104 రోజులు 2.80 అనుకుని సగటు కడితే 3.68 వస్తుంది. మీ మూడో పట్టికలోని అంకె ఇలా పుట్టినదే. గమనించవలసిన విషయమేమిటంటే, ఆ సంవత్సరంలో ఏ ఒక్క రోజున కూడా అధికారికంగా ఎవరూ 3.68కి డాలర్లు కొనలేదు, అమ్మలేదు. ఫిబ్రవరిలో లివర్‌పూల్‌కు చేరిన పత్తికి 4.03 లెక్కన, నవంబరులో చేరిన పత్తికి 2.80 లెక్కన చెల్లించారు. అలాగని సగటు పనికిరాదని అనలేము. ఏడాది పొడవునా కొద్దికొద్దిగా సాగే ఎగుమతులు, దిగుమతులు, వడ్డీ రాబడులు, ప్రయాణికుల ఖర్చులు వంటి వాటిని ఒకే అంకెగా మార్చవలసి వచ్చినప్పుడు వార్షిక సగటే సరైన సాధనం. ఒక తేదీన నిలిచి ఉన్న నిల్వకు, అంటే అప్పు బకాయికో బంగారం నిల్వకో బ్యాంకు ఖాతాకో ఆ తేదీ రేటు వాడాలి. ఒకే రోజున జరిగిన చెల్లింపుకు ఆ రోజు రేటు వాడాలి. చరిత్ర రచనల్లో నాకు కనిపించే పొరపాట్లలో ఎక్కువ భాగం నిల్వకు సగటు రేటును, ప్రవాహానికి, అంటే ఏడాది పొడవునా సాగే లావాదేవీలకు, సంవత్సరాంతపు రేటును వాడడం వల్ల వచ్చినవే.

సగటును వాడవలసిన చోట కూడా రేటు మధ్యలో విరిగిన సంవత్సరాలను జాగ్రత్తగా చూడాలి. బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని, అంటే పౌండుకు నిర్ణీత బంగారం ఇచ్చే పద్ధతిని, వదిలిన 1931 సెప్టెంబరు 21కి ముందు పౌండు 4.86 డాలర్లు, డిసెంబరు వచ్చేసరికి అది మూడున్నర డాలర్లకు దిగువన ఉంది, ఏడాది సగటు మాత్రం నాలుగున్నర డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ సగటును మాత్రమే చూసిన విద్యార్థికి ఒక మోస్తరు తగ్గుదల కనిపిస్తుంది తప్ప, ఆ శరత్కాలంలో లండన్‌ను కుదిపేసిన సంక్షోభం కనిపించదు. 1967లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం నవంబరు 18న పౌండును 2.80 నుంచి 2.40కి తగ్గించింది, అప్పటికే ఏడాది చాలా భాగం గడిచిపోయింది కనుక ఆ సంవత్సరపు సగటు పాత రేటుకే దగ్గరగా ఉంటుంది. ఐరోపా కరెన్సీల మధ్య రేట్లను ఇరుకు హద్దుల్లో ఉంచే ఐరోపా మారకపు యంత్రాంగం నుంచి పౌండు బయటపడిన 1992 కూడా ఇటువంటిదే. సెప్టెంబరు మొదట్లో 2 డాలర్లు పలికిన పౌండు డిసెంబరు ముగిసేనాటికి డాలరున్నరకు వచ్చింది. ఇటువంటి సంవత్సరాలకు నెలవారీ రేట్లు సంపాదించి, ఏడాదిని రెండు ముక్కలుగా చూపించడమే మేలు.

శాతాల దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. 1949లో పౌండు విలువ డాలర్లలో 30.5 శాతం తగ్గింది. అదే మార్పును లండన్ నుంచి చూస్తే డాలరు ధర పౌండ్లలో 43.9 శాతం పెరిగింది. అమెరికన్ గోధుమలు కొనే బ్రిటిష్ ప్రభుత్వానికి తగిలిన దెబ్బ రెండో అంకె. బ్రిటిష్ వస్తువులు కొనే అమెరికన్‌కు దక్కిన తగ్గింపు, బ్రిటిష్ ఎగుమతిదారు తన పౌండు ధరను మార్చకపోతే, మొదటి అంకె. అప్పు భారం ఎంత పెరిగిందో చెప్పేటప్పుడు 30.5 శాతం అని రాస్తే తప్పవుతుంది. పౌండు, డాలరు జంటలో ఎన్ని డాలర్లకు ఒక పౌండు అని చెప్పడం ఆనవాయితీ గనుక ఆ దిశ మారకుండా చూసుకోండి. 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతి వచ్చేదాకా పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు ఉండేవన్నది కూడా మరవకండి, 4.03 రేటున ఒక డాలరు అంటే 4 షిల్లింగుల పదకొండున్నర పెన్నీలు. పాత పత్రాల్లో ఈ రూపంలో రాసిన రేటు కనిపిస్తే ముందుగా అంతా పెన్నీల్లోకి మార్చి, 240ని ఆ సంఖ్యతో భాగించండి.

మీ పత్రానికి అన్నిటికంటే అవసరమైన విషయం మీరు అడగలేదు, అయినా చెబుతాను. 4.03 అనేది ప్రభుత్వం ప్రకటించిన రేటు. ఆ రేటుకు ఎవరికి, ఎన్ని డాలర్లు, ఏ పనికి దొరికేవన్నది వేరే ప్రశ్న. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బ్రిటన్ విదేశీ మారకద్రవ్యం మీద నియంత్రణ విధించి, పౌండును 4.03 దగ్గర నిలిపింది. విదేశీయుల చేతుల్లో ఉన్న పౌండ్లు మాత్రం న్యూయార్క్‌లో ఇంకా స్వేచ్ఛగా అమ్ముడవుతూనే ఉండేవి; 1940 మార్చి, ఏప్రిల్ నెలల్లో అవి అధికారిక రేటు కంటే బాగా తక్కువ ధర పలికాయి. ఒకే నెలకు రెండు పట్టికల్లో రెండు రేట్లు కనిపిస్తే ఒకటి లండన్ అధికారిక రేటు, మరొకటి న్యూయార్క్ స్వేచ్ఛా విపణి రేటు కావచ్చునని ముందుగా అనుమానించండి.

యుద్ధం ముగిశాక ఈ తేడా ఎంత లోతైనదో మీ అప్పు కథే చూపిస్తుంది. అమెరికా ఆ డాలర్లు ఇస్తూ పెట్టిన షరతుల్లో ఒకటి, వర్తమాన లావాదేవీల్లో, అంటే సరుకులు, సేవల వంటి రోజువారీ వ్యాపారంలో, సంపాదించిన పౌండ్లను ఎవరు అడిగినా డాలర్లలోకి మార్చి ఇవ్వాలన్నది. ఆ షరతు ప్రకారం 1947 జూలై 15న బ్రిటన్ తలుపులు తెరిచింది. పౌండ్లు చేతిలో ఉన్న దేశాలన్నీ డాలర్ల కోసం వచ్చిపడ్డాయి, ఎందుకంటే ఆనాడు కావలసిన యంత్రాలు, ధాన్యం, ముడిసరుకులు అమెరికాలోనే దొరికేవి. అప్పుగా తెచ్చుకున్న డాలర్లు వేగంగా కరిగిపోవడంతో ఆగస్టు 20న, అంటే అయిదు వారాలు గడిచేసరికి, మార్పిడిని నిలిపివేయవలసి వచ్చింది. ఇంత జరిగినా పట్టికలో 1947 జూన్‌కూ, జూలైకూ, సెప్టెంబరుకూ ఒకే అంకె ఉంటుంది: 4.03. రేటు కదలలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకుంటే, బ్రిటన్ యుద్ధానంతర చరిత్రలో అతి తీవ్రమైన వారాల్లో కొన్ని మీ కళ్లెదుటే దాటిపోతాయి. రేటును గట్టిగా పట్టి ఉంచిన కాలాల్లో ఒత్తిడి రేటులో కనిపించదు. బంగారం, డాలర్ల నిల్వల్లోనూ, దిగుమతి లైసెన్సుల్లోనూ, రేషన్ నిబంధనల్లోనూ కనిపిస్తుంది. అందుచేత 1939 నుంచి 1971 దాకా మీరు రేటు పట్టిక పక్కనే నిల్వల పట్టికను కూడా పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

1950 దశకంలో మరో చిక్కు ఉంది. డాలరు ప్రాంతానికి (అమెరికా, డాలరుతో ముడిపడిన దేశాలు) బయట ఉన్న విదేశీయుల పౌండ్లు జ్యూరిక్, న్యూయార్క్ వంటి చోట్ల 2.80 కంటే తక్కువ ధరకు చేతులు మారేవి. 1955లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ విపణిలో కూడా జోక్యం చేసుకోవడం మొదలుపెట్టాక తేడా తగ్గింది. 1958 డిసెంబరులో ఈ పౌండ్లనూ, అధికారిక రేటు వర్తించే పౌండ్లనూ కలిపివేశారు. బ్రిటన్ పౌరులకు మాత్రం నియంత్రణ చాలాకాలం సాగింది. 1966 నుంచి కొన్నేళ్లపాటు విదేశీ విహారానికి వెళ్లే బ్రిటిష్ పౌరుడికి 50 పౌండ్ల విలువైన విదేశీ కరెన్సీ మాత్రమే ఇచ్చేవారు. ఈ నియంత్రణలు పూర్తిగా తొలగిపోయింది 1979 అక్టోబరులో. ఒక సామాన్య కుటుంబపు అనుభవం గురించి రాసేటప్పుడు ఈ పరిమితులు తెలియకుండా 2.80తో గుణించి లెక్క చెప్పడం సరికాదు.

మీ 109½ సంగతికి వస్తాను. పాతకాలంలో స్పానిష్ వెండి డాలరును నాలుగున్నర షిల్లింగులకు సమానంగా లెక్కించేవారు. ఆ లెక్కన ఒక పౌండు 4.44 డాలర్లు. అమెరికన్ డాలరులో ఉన్న లోహం మారిపోయినా వర్తకులు ఆ పాత సమానతను వదలకుండా, దాన్ని 100గా తీసుకుని, పౌండు దానికంటే ఎంత శాతం ఎక్కువ పలుకుతోందో చెప్పేవారు. 4.44కి తొమ్మిదిన్నర శాతం కలిపితే 4.87 డాలర్లు వస్తుంది. ఇది ఆనాటి నిజమైన బంగారు సమానతకు దాదాపు సరిపోతుంది: ఒక పౌండు విలువ గల బంగారు నాణెమైన బ్రిటిష్ సావరిన్‌లో సుమారు 113 గ్రెయిన్ల (గ్రెయిన్ ఒక చిన్న తూకం) మేలిమి బంగారం ఉండేది, 1837 తరువాత అమెరికన్ డాలరు విలువ 23.22 గ్రెయిన్లు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.87కి లేశమాత్రం తక్కువ. కాబట్టి మీ పట్టికలోని 109½ అంటే పౌండు తన సహజ స్థానంలో ఉందని అర్థం. దాన్ని చూసి తొమ్మిదిన్నర శాతం ఖరీదెక్కిందని రాసిన వారు ఉన్నారు. మీరు ఆ పొరపాటు చేయకండి. 1873 నాటి అమెరికన్ చట్టం ఈ పద్ధతికి ముగింపు పలికి, 1874 జనవరి 1 నుంచి రేట్లను నేరుగా డాలర్లలో చెప్పే ఏర్పాటు చేసింది.

ఆ శతాబ్దపు రేట్లలో ఇంకా రెండు సంగతులు చూసుకోవాలి. అట్లాంటిక్ అడుగున 1866లో తంతి స్థిరపడేదాకా, ఆ తరువాత కూడా కొంతకాలం, పట్టికల్లో కనిపించేది ఎక్కువగా అరవై రోజుల హుండీల ధర. చూపిన అరవై రోజులకు డబ్బు చేతికి వచ్చే కాగితం కాబట్టి దాని ధరలో రెండు నెలల వడ్డీ ఇమిడి ఉంటుంది. తంతి ద్వారా వెంటనే బదిలీ చేసే రేటు కంటే అది కాస్త తక్కువగా ఉండడం సహజం. రెండోది అంతర్యుద్ధ కాలం. 1862 నుంచి అమెరికాలో గ్రీన్‌బ్యాక్ కాగితపు డాలర్లు చెలామణిలోకి వచ్చాయి. 1864 జూలైలో ఒక దశలో 100 బంగారు డాలర్లకు 285 కాగితపు డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. 1879 జనవరి 1న కాగితానికి బంగారం ఇవ్వడం తిరిగి మొదలయ్యేదాకా బంగారు డాలర్లలో ఒక రేటు, కాగితపు డాలర్లలో మరో రేటు ఉన్నాయి. ఏ డాలరో చెప్పని పట్టికను ఆ పదిహేడేళ్లకు వాడవద్దు.

1879 నుంచి 1914 వరకు చెప్పవలసింది తక్కువ. బంగారాన్ని ఓడలో పంపే ఖర్చు మేరకు, అంటే కొద్ది సెంట్లు అటూ ఇటూగా, పౌండు 4.87 దగ్గర నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో 1916 నుంచి అమెరికాలో తెచ్చిన అప్పుల సాయంతో దాన్ని 4.76 దగ్గర పట్టి ఉంచారు. 1919 మార్చిలో ఆ సాయం ఆగగానే పడిపోతూ వచ్చి 1920 ఫిబ్రవరిలో సుమారు 3.20కి చేరింది. 1925లో చర్చిల్ ఆర్థికమంత్రిగా దాన్ని తిరిగి ఆ పాత సమానతకే, అంటే 4.86కి (కచ్చితంగా 4.8665) తెచ్చారు.

ఇక్కడే మీ మరో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 4.86 నుంచి డాలరున్నర దిగువకు రావడాన్ని దేశ పతనానికి కొలతగా రాయవచ్చా అని అడిగారు. రాయవద్దు. 1925లో పౌండు ఎత్తుకు ఎక్కడం వల్ల బ్రిటన్ సంపన్నం కాలేదు. బొగ్గు, నూలు వంటి ఎగుమతి పరిశ్రమల సరుకు విదేశాల్లో ఖరీదెక్కింది, ఖర్చు తగ్గించుకోవడానికి గని యజమానులు కూలి కోయబోతే 1926లో సార్వత్రిక సమ్మె వచ్చింది. పౌండును పది శాతం మేర అతిగా విలువ కట్టారని ఆర్థికవేత్త కీన్స్ ఆనాడే వాదించారు. 1931లో పౌండు పడిపోయాక బ్రిటన్ మహామాంద్యం నుంచి అమెరికా కంటే ముందుగానే తేరుకోసాగింది. అంటే రేటు పడిన తరువాత పరిస్థితి మెరుగుపడిన కాలం, రేటు ఎక్కువగా ఉండి జనం బాధపడిన కాలం రెండూ ఈ ఒక్క జంట చరిత్రలోనే ఉన్నాయి. దీర్ఘకాలంలో రేటు చెప్పేది చాలావరకు రెండు దేశాల ధరల తేడానే. 1975లో బ్రిటన్‌లో ధరలు దాదాపు 24 శాతం పెరిగితే అమెరికాలో 9 శాతం పెరిగాయి; మరుసటి ఏడాది పౌండు తొలిసారి 2 డాలర్ల దిగువకు జారి, బ్రిటన్ అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పు అడగడంలో ఆశ్చర్యం లేదు. పైగా మీరు కొలతబద్దగా వాడుతున్న డాలరు కూడా స్థిరంగా లేదు. 1934 జనవరి చివర ఔన్సు బంగారం అధికారిక ధరను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచినప్పుడు డాలరే కుదించుకుపోయింది. ఆ ఏడాది పౌండు 5 డాలర్లు దాటడానికి కారణం అదే, బ్రిటన్ బలం కాదు. దేశం ఎంత సంపన్నమైందో తెలియాలంటే తలసరి ఉత్పత్తిని చూడండి. పోటీ సామర్థ్యం తెలియాలంటే ధరల తేడాను తీసివేసిన వాస్తవ మారకపు రేటును చూడండి.

1972 తరువాతి కాలానికి మీకు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆ ఏడాది జూన్ 23న పౌండును విపణికి వదిలేశారు. అమెరికన్ ఫెడరల్ రిజర్వ్ 1971 నుంచి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1975 నుంచి రోజువారీ రేట్లను ఉచితంగా అందుబాటులో ఉంచాయి. అయితే ఆ రెండూ వేర్వేరు ఊళ్లలో వేర్వేరు వేళల్లో తీసుకున్న రేట్లు కనుక ఒకే తేదీకి స్వల్ప తేడాలుంటాయి. పత్రం మొత్తానికి ఒక్క మూలాన్నే వాడండి. రోజులోని కనిష్ఠాన్ని, రోజు రేటును కూడా కలపకూడదు. 2022 సెప్టెంబరు 26న పౌండు సుమారు 1.035 డాలర్లకు పడిందన్నది నిజం, అది చరిత్రలోనే అతి తక్కువ. కానీ ఆసియా విపణుల్లో వేకువన కొద్దిసేపు కనిపించిన ధర అది. కొన్ని గంటల్లోనే 1.06 పైకి వచ్చింది, రోజువారీ పట్టికలో మీకు ఆ 1.035 కనిపించదు. 1985 ఫిబ్రవరి చివర 1.05 దగ్గర ఉన్న పౌండు, సెప్టెంబరు 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అయిదు దేశాలు డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాక, డిసెంబరుకల్లా 1.40 దాటింది. తేలియాడే కాలంలో తేదీ లేని రేటుకు అర్థం లేదనడానికి ఈ ఒక్క ఏడాది చాలు.

రూపాయి విషయం సులువైనదే, ఎందుకంటే అది చాలాకాలం పౌండుతో ముడిపడి ఉంది. 1927 నుంచి రూపాయి విలువ 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే పౌండుకు 13.33 రూపాయలు. పౌండు 4.03 డాలర్లయినప్పుడు డాలరుకు 3.31 రూపాయలు పడతాయి. 1947లో రూపాయి, డాలరు సమానంగా ఉండేవని మీరు ఎక్కడైనా చదివి ఉంటే అది నిజం కాదని ఈ ఒక్క భాగహారంతో తేలిపోతుంది. 1949లో భారతదేశం పౌండుతోపాటే తన కరెన్సీ విలువను అంతే మేర తగ్గించుకుంది, పౌండుకు 13.33 అలాగే ఉంది, డాలరు 4.76కి చేరింది. పాకిస్తాన్ తగ్గించుకోలేదు, అందువల్ల 100 పాకిస్తానీ రూపాయలకు 144 భారతీయ రూపాయలయ్యాయి, ఆ రేటును భారత్ అంగీకరించకపోవడంతో రెండు దేశాల మధ్య వాణిజ్యమే స్తంభించింది. 1966 జూన్ 6న డాలరుకు 7.50 రూపాయలైంది. 1967లో పౌండు పడినప్పుడు భారత్ దాని వెంట వెళ్లలేదు కనుక పౌండు 21 రూపాయల నుంచి 18కి దిగింది. మూడో కరెన్సీని పౌండు ద్వారా లెక్కగట్టేటప్పుడు, ఆ మూడు రేట్లూ ఒకే తేదీకి చెందినవై ఉండేట్లు చూసుకోవడమే ఇందులోని నియమం.

చివరగా నేటి విలువ. 93 కోట్ల పౌండ్లను గానీ 375 కోట్ల డాలర్లను గానీ నేటి మారకపు రేటుతో గుణించడం వల్ల ఏ అర్థమూ రాదు. అది 1946 నాటి డబ్బును నేటి డబ్బుగా భావించి, కరెన్సీ పేరు మాత్రం మార్చడం. ముందు కాలాన్ని దాటించాలి, తరువాత సముద్రాన్ని దాటించాలి. ఆ అప్పు డాలర్లలోది కాబట్టి 375 కోట్ల డాలర్లను అమెరికా వినియోగదారుల ధరల సూచీతో నేటికి తీసుకురండి, పాఠకుడికి పౌండ్లలో చెప్పవలసి ఉంటే అప్పుడు మాత్రమే నేటి రేటు వాడండి. 93 కోట్ల పౌండ్లను బ్రిటన్ ధరల సూచీతో నేటికి తెస్తే వేరే అంకె వస్తుంది. బ్రిటిష్ కుటుంబాలకు అది ఎంత బరువో చెప్పేటప్పుడు అది పనికొస్తుంది. నా అభిప్రాయంలో ఈ రెండింటికంటే, ఆ ఏటి బ్రిటన్ జాతీయాదాయంలో అప్పు ఎంత శాతమో చెప్పడం మీ పాఠకుడికి ఎక్కువ తెలియజేస్తుంది.

తిరుగు చెల్లింపులకు మాత్రం ఏ ఒక్క రేటూ చాలదు. 50 వార్షిక వాయిదాలుగా తీర్చాలన్నది ఒప్పందం. ఆరుసార్లు వాయిదాను వెనక్కి జరుపుకోవడంతో 2000లో ముగియవలసిన అప్పు 2006 డిసెంబరులో ముగిసింది. వాయిదాలు సంవత్సరాంతంలో కట్టేవారు కనుక ప్రతిదానికీ ఆ ఏటి డిసెంబరు రేటు వాడండి, వార్షిక సగటు వద్దు. అలా చేస్తే 1967 డిసెంబరు వాయిదా దగ్గర ఒక్కో డాలరుకు అంతకు ముందటి ఏడాది కంటే దాదాపు 17 శాతం ఎక్కువ పౌండ్లు పడినట్లు కనిపిస్తుంది, సగటు రేటు వాడితే ఆ పెరుగుదల దాదాపు అంతా మాయమవుతుంది. మీ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి చివరి వాయిదా పనికొస్తుంది: 2006లో అమెరికాకు కట్టింది సుమారు 8.325 కోట్ల డాలర్లు, అప్పటి ప్రకటనల ప్రకారం 4.25 కోట్ల పౌండ్లు, అంటే రేటు 1.96. మీ పట్టికలో ఆ డిసెంబరు ముగింపు రేటు దీనికి దగ్గరగా ఉంటే, మీరు ఎంచుకున్న మూలంతో మిగిలిన వాయిదాలను కూడా నిశ్చింతగా లెక్కించవచ్చు.